ఫిట్టరు కట్టిన పాట



ఈ పూట ఒక పాట చరిత్ర చెబుతాను. పాట మీ అందరికీ తెలిసిందే. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు వాయిస్తారు. కాలేజీ వార్షికోత్సవాల్లో పిల్లలు గజ్జె కట్టి ఆడతారు. యూనియన్ సభల్లో నాయకులు వచ్చేలోపు ఎవరో ఒకరు మైకు అందుకుని ఎత్తుకుంటారు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అనే ఆ పాట కట్టింది వంగపండు ప్రసాదరావు గారు. ఆయన మన విశాఖపట్నంలోనే, హిందూస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసినవారు.

ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. మొదటిది తెలియనివాళ్ళూ ఉన్నారు. అప్పట్లో క్యాసెట్ల అట్టల మీదా, ఇప్పుడు ఫోన్లలో వచ్చే వీడియోల కిందా ఇలాంటి పాటల దగ్గర 'జానపదం' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. నాకది చాలా కష్టంగా ఉంటుంది. పేరూ ఊరూ ఉన్న మనిషి, కర్మాగారం గేటు దాటి షిఫ్టుకు వెళ్ళిన మనిషి కట్టిన పాట అది. ఆ మనిషిని పక్కన పెట్టి పాట ఒక్కటే మిగుల్చుకుంటే సగం పాటే మిగులుతుంది.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. 1941 జూన్‌లో సింధియా కంపెనీవారి ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చి 'జల ఉష' అనే ఓడను నీళ్ళలోకి వదిలారు. 1952లో ఆ కర్మాగారమే హిందూస్థాన్ షిప్‌యార్డు అయింది. ఆ తర్వాత చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, చివరికి 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని జనం ప్రాణాలు పెట్టి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారం వచ్చాయి.

ఈ పనులకు మనుషులు ఎక్కడినుంచి వచ్చారు? పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చారు. వానల మీద ఆధారపడ్డ చేలు వదిలి, రైలెక్కి, మల్కాపురంలోనో శ్రీహరిపురంలోనో గాజువాకలోనో నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని కుదురుకున్నారు. చేతిసంచిలో రెండు జతల బట్టలు ఉంటే ఉండేవి, లేకపోతే లేదు. నోట్లో మాత్రం పాటలుండేవి. ఊడ్పుల పాటలు, పైడితల్లి పాటలు, గౌరమ్మ సంబరాల పాటలు, చిన్నప్పుడు రాత్రంతా మెలకువగా ఉండి విన్న జముకుల కథలు.

జముకు గురించి ఆగి చెప్పాలి. కొత్త తరం శ్రోతల్లో దాన్ని దగ్గరగా చూసినవాళ్ళు తక్కువమంది ఉంటారు. కుంచమంత డోలు గుల్ల. ఒకవైపు తోలు మూసి ఉంటుంది, రెండోవైపు ఖాళీ. తోలు నడిమధ్య చిన్న బెజ్జం పెట్టి ఒక నరపు తీగను బిగిస్తారు. ఆ తీగ రెండో కొసకు చిన్న కర్రముక్క. గుల్లను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో ఆ కర్రముక్కను పట్టి తీగను లాగుతూ, రెండో చేత్తో మీటుతారు. లాగిన కొద్దీ స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. ఉన్నది ఒకే తీగ. మెట్లు లేవు, బిరడాలు లేవు. అయినా అది ఏడవగలదు, వెక్కిరించగలదు, కథకుడు అడిగిన ప్రశ్నకు 'ఊఁ' కొట్టగలదు.

ఇప్పుడు మిమ్మల్ని కాసేపు అమెరికా తీసుకువెళతాను. మళ్ళీ మన షిప్‌యార్డు దగ్గరి సింధియా జంక్షన్‌కే వచ్చి దిగుతాం.

అమెరికా దక్షిణాదిలో మిసిసిపీ అనే రాష్ట్రం ఉంది. పత్తి చేల దేశం. బానిసత్వం చట్టప్రకారం పోయినా నల్లజాతి కూలీల బతుకు పెద్దగా మారని చోటు. అక్కడి పేదపిల్లలు గోడకు రెండు మేకులు కొట్టి, మధ్యన ఒక ఇనుప తీగ బిగించి, సీసా ముక్కను దానిమీద జారుస్తూ వాయించేవారు. దాన్ని డిడ్లీ బో అనేవారు. అదీ ఒకే తీగ. అదీ స్వరాన్ని వంచే వాద్యమే. మన జముకు దాన్ని ఎన్నడూ చూడలేదు, అది మన జముకును చూడలేదు. చేతిలో ఏమీ లేనివాడికి ఒక తీగ దొరికితే ఎంత పాట పుట్టించగలడో రెండుచోట్లా మనుషులు విడివిడిగా కనిపెట్టుకున్నారు.

ఆ పత్తి చేలనుంచి లక్షల మంది ఉత్తరాది నగరాలకు వలసపోయారు. షికాగోలో ఉక్కు మిల్లులు, డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు. మడ్డీ వాటర్స్ అనే గాయకుడి కథ వినండి. 1941లో జానపద పాటలు సేకరించే పరిశోధకులు వచ్చి స్టొవాల్ అనే తోటలో అతని పాటను రికార్డు చేశారు. అప్పటికి అతను ఆ తోటలో కూలీ. 1943లో షికాగో వెళ్ళి పగలు కాగితం ఫ్యాక్టరీలో పనిచేస్తూ రాత్రిళ్ళు పాడాడు. అక్కడి హోటళ్ళ రొదలో మామూలు గిటారు వినబడదు. అందుకని కరెంటు గిటారు పట్టాడు. పల్లె పాటకు నగరం గొంతు అలా వచ్చింది. అప్పటిదాకా నల్లవాళ్ళ సంగీతాన్ని 'జాతి రికార్డులు' అని వేరే పట్టికలో వేసేవారు. 1949లో బిల్‌బోర్డు పత్రిక ఆ పట్టికకు 'రిథమ్ అండ్ బ్లూస్' అని పేరు పెట్టింది.

ఆ తొలి రోజుల పాటల్లో ఒకటి 'రాకెట్ 88'. రాకెట్ 88 అంటే అప్పట్లో కొత్తగా వచ్చిన ఒక కారు. పాట అంతా ఆ కారు గొప్పతనమే. 1951 మార్చిలో ఐక్ టర్నర్ అనే కుర్రవాడి బృందం క్లార్క్స్‌డేల్ అనే పట్నం నుంచి మెంఫిస్‌కు వెళ్ళి, శామ్ ఫిలిప్స్ స్టూడియోలో దాన్ని రికార్డు చేసింది. దారిలో వాళ్ళ గిటారు యాంప్లిఫయర్ దెబ్బతింది. చిరిగిన స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే వాయించారు. ఆ గరగర శబ్దమే పాటకు అందమైంది. తర్వాత రాక్ అండ్ రోల్ చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఈ పాట దగ్గరే మొదలుపెడతారు. కానీ రికార్డు మీద బృందం నాయకుడి పేరు పడలేదు. పాడిన జాకీ బ్రెన్‌స్టన్ పేరు పడింది. ఆ బ్రెన్‌స్టన్ కూడా పాట హక్కుల్ని 910 డాలర్లకు అమ్మేసుకున్నాడు. తన చేతికి వచ్చింది ఇరవై డాలర్లని టర్నర్ తర్వాత చెప్పుకున్నాడు. పాట ఆ ఏడాది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. వాయించినవాళ్ళకు మటుకు దానివల్ల పెద్దగా దక్కింది లేదు.

పల్లె నుంచి రేవుకు, ఫ్యాక్టరీకి వచ్చిన మనిషి, వాడి వెంట వచ్చిన పాట, యంత్రం చప్పుడు, ఆ తర్వాత పాటను తీసుకుపోయే వ్యాపారం. ఇవన్నీ మనకూ ఉన్నాయి. ఇక మన ఊరికి వద్దాం.

వంగపండు గారు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. షిప్‌యార్డులో ఫిట్టరు ఉద్యోగం ఆయన బతుకుతెరువు. ఫిట్టరు పని ఎలా ఉంటుందో తెలిస్తే ఆయన పాట ఇంకా బాగా వినబడుతుందని నా నమ్మకం. ఫిట్టరు ఒక ఇనుప ముక్కను వైసులో బిగిస్తాడు. కాళ్ళు దూరంగా పెట్టి నిలబడి ఆకురాయి పడతాడు. ముందుకు తోసినప్పుడే కోత పడుతుంది. వెనక్కి తీసేటప్పుడు బరువు వదలాలి, లేకపోతే ఆకురాయి పళ్ళు పాడవుతాయి. తోపు, వదులు, తోపు, వదులు. కాసేపటికి భుజాలు వాటంతటవే ఊగుతాయి. తర్వాత నీలం రంగు పూసిన చదును బల్ల మీద ఆ ముక్కను రుద్ది చూస్తాడు. ఎక్కడ నీలం అంటుకుందో అక్కడ మిట్ట ఉన్నట్టు. మళ్ళీ దాన్ని అరగదీయాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్క ముక్కలో కూర్చోదు. ఆయన పాటల్లో మాట మాటలో కూర్చునే తీరు చూస్తే నాకు ఈ పనే గుర్తుకొస్తుంది. ఒక అక్షరం ఎక్కువ ఉండదు. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో అక్కడ ఖాళీ ఉంటుంది. ఎక్కడ కాలు నేలకు తగలాలో అక్కడ గట్టి మాట పడుతుంది.

ఆయన 'యంత్రం' పాట అచ్చంగా ఈ బతుకులోంచి వచ్చింది. యంత్రం ఎలా నడుస్తోందో అడిగి, దాని వెనక ఉన్న మనిషి కష్టాన్ని బయటపెట్టే పాట అది. 'రాకెట్ 88' కారును చూసి మురిసిపోయే పాట. వంగపండు గారి పాట యంత్రం మూత విప్పి లోపల ఏముందో చూపిస్తుంది. విప్పడం, బిగించడం తెలిసినవాడే అలా రాయగలడు. యంత్రం గురించి తెలుగులో కవిత్వం చాలా వచ్చింది. బయట నిలబడి దాన్ని పొగిడినవాళ్ళున్నారు, బయట నిలబడి తిట్టినవాళ్ళున్నారు. చేతికి గ్రీజు అంటినవాడు రాసింది నాకు తెలిసినంతలో బహు తక్కువ.

'ఏం పిల్లడో' పాట నేపథ్యం ఇంకొకటి. అది శ్రీకాకుళం కొండలది. 1960ల్లో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్ళు గిరిజనులను కూడగట్టారు. సవరలు, జాతాపులు తమ పోడు భూముల కోసం, షావుకార్ల అప్పుల చెరనుంచి విడుదల కోసం కదిలారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. అక్కడినుంచి అది సాయుధ పోరాటమైంది. 1970 జూలైలో ఆ ఇద్దరు పంతుళ్ళూ పోలీసుల చేతిలో చనిపోయారు. ఆ పోరాట మార్గం మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది. పాట చరిత్ర చెప్పేవాడు చెప్పాల్సింది ఏమిటంటే, ఆ పోరాటంలో పాట ముందు నడిచింది. బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను చేతబట్టి ఊరూరా తిరిగాడు. దేవత కథ చెప్పే వాద్యం మీద కూలి రేట్ల కథ, అప్పుపత్రాల కథ చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు.

ఆ వేడి విశాఖపట్నం దాకా వచ్చింది. 1970 ఫిబ్రవరిలో ఈ ఊళ్ళోనే, పుట్టిన ఊళ్ళోనే, శ్రీశ్రీ గారికి షష్టిపూర్తి సన్మానం జరిగింది. ఆ సభలో విశాఖ విద్యార్థుల పేరుతో ఒక కరపత్రం పంచారు. రచయితలు ఎవరి పక్షాన ఉన్నారో తేల్చి చెప్పాలని సవాలు చేశారు. ఆ ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. 1972లో హైదరాబాదులో జననాట్యమండలి మొదలైంది. గద్దర్, వంగపండు ఆ మండలికి రెండు గొంతులయ్యారు. ఒకరు తెలంగాణ యాస, ఒకరు ఉత్తరాంధ్ర యాస. అంతవరకు సినిమాల్లో ఎక్కువగా నౌకర్ల నోటా, హాస్యగాళ్ళ నోటా వినబడిన మన జిల్లాల మాట, రాయలసీమలోనూ తెలంగాణలోనూ వేలమంది నిలబడి వినే మాటైంది.

పాట నడక ఎలా ఉంటుందో చెబుతాను. సాహిత్యం చదవను, మీకందరికీ వచ్చిందే కదా. ఒక మనిషి ఇంకో మనిషిని పిలుస్తాడు. తోడు రమ్మంటాడు. ఎక్కడికో పేరు పెట్టి చెబుతాడు. శ్రీకాకుళం కొండలకు. అక్కడ ఏం జరుగుతోందో చెబుతాడు. చిలకలు కత్తులు పడుతున్నాయట, సంతలో సవరలు కదులుతున్నారట. ప్రతి సంగతీ 'అట' అని విన్న కబురులాగే వస్తుంది. ఆ నేర్పు చూడండి. ఉపన్యాసం లేదు, నినాదం లేదు. సంతకు పోయొచ్చినవాడు అరుగు మీద కూర్చుని విశేషాలు చెబుతున్నట్టు ఉంటుంది. వినేవాడికి కాలు నిలవదు. అసాధ్యమైన సంగతిని మామూలు కబురులా చెప్పడం మన పల్లె కథలకు తరతరాలుగా తెలిసిన విద్య. పిల్లల కథల్లో చీమ ఏనుగును గెలుస్తుంది, కుందేలు సింహాన్ని నూతిలో పడేస్తుంది. వంగపండు గారు ఆ విద్యను తీసుకుని బక్కవాడు బలవంతుడిమీద తిరగబడే సంగతి చెప్పారు. కవిగా ఆయన గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

వరుస కూడా ఎవరూ కష్టపడి నేర్చుకోవాల్సింది కాదు. ఒకరు అంటే పదిమంది అందుకునే వరుస. రేవులో బరువు లాగే కళాసీలు, వల లాగే జాలర్లు పాడుకునే పాటలూ ఇలాగే ఉంటాయి. ముందువాడు ఒక మాట అంటాడు, వెనకవాళ్ళు బలం పెడుతూ బదులిస్తారు. మిసిసిపీ పత్తి చేలలోనూ, రైలు పట్టాలు వేసే చోటా నల్లజాతి కూలీలు ఇలాగే పాడేవారు. రిథమ్ అండ్ బ్లూస్‌లో గాయకుడు ఒక ముక్క పాడగానే వెనక శాక్సాఫోను బదులు చెప్పడం అక్కడినుంచి వచ్చిందే.

ఉత్తరాంధ్రలో పాటకు శిక్షలు పడటం కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా గోనెపాడులో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ గారు 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసినందుకు 1922లో జైలుకు వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మద్రాసులో పేదరికంలోనే కన్నుమూశారు. ఆ పాట పాడుతూ ఊరేగినవాళ్ళలో ఎంతమంది ఆయన తిన్నారో లేదో కనుక్కున్నారు? ఇంత కాలం తర్వాత కూడా ఆ ప్రశ్న నన్ను వదలదు.

వంగపండు గారి పాట మరో దారి పట్టింది. 1986లో ఆర్. నారాయణమూర్తి గారు 'అర్ధరాత్రి స్వతంత్రం' తీశారు. అందులో 'ఏం పిల్లడో' ఉంది. అప్పటిదాకా సభల్లో, ఊరి బయట మైదానాల్లో విన్న పాట సినిమా హాల్లోకి వచ్చింది. టూరింగ్ టాకీసుల దాకా పోయింది. క్యాసెట్లొచ్చాయి. రాజకీయాలతో సంబంధం లేనివాళ్ళు, శ్రీకాకుళం ఎటుందో తెలియనివాళ్ళు కూడా పాడుకున్నారు. ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడదు. పాట కట్టినవాడికి పదిమంది పాడుకోవడం కంటే ఏం కావాలి?

2009లో వచ్చింది చిక్కు. 'మగధీర' సినిమాలోని ఒక హుషారు పాటలో ఆ పల్లవి మాటలు వినబడ్డాయి. తనను అడగకుండా వాడుకున్నారని వంగపండు గారు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. పత్రికల్లో, టీవీల్లో కొన్నాళ్ళు చర్చ నడిచింది. ఆ చర్చలో కొందరు ఒక మాట అన్నారు. ఇవి జనం పాటలు, జనం సొత్తు, వీటికి హక్కులేమిటి అని. పైకి న్యాయంగానే వినబడే మాట. నిదానంగా ఆలోచించాల్సిన మాట కూడా.

వంగపండు గారు వరుసల్ని ఆకాశం నుంచి తేలేదు. పార్వతీపురం చేలల్లో ఊడ్పు ఊడ్చే ఆడవాళ్ళ నోటినుంచి, జముకులవాళ్ళ నుంచి, సంత దారిలో నడిచేవాళ్ళ నుంచి తెచ్చుకున్నారు. ఆ ఆడవాళ్ళ పేర్లు మనకు తెలియవు. వాళ్ళకు ఆయన బాకీ ఉన్నారు. ఆ బాకీని ఆయన తీర్చిన తీరు కూడా చూడాలి. వాళ్ళ దగ్గర తీసుకున్న వరుసలో వాళ్ళ బతుకే పెట్టి, మళ్ళీ వాళ్ళ ముందే ఆడి పాడారు. గజ్జె కట్టి, నడుముకు గుడ్డ బిగించి, అరవై దాటాక కూడా చిందు వేశారు. మూడు వందలకు పైగా పాటలు కట్టారు. పల్లె ఆడవాళ్ళ పేర్లు పోయాయి కాబట్టి వంగపండు పేరు కూడా పోనివ్వవచ్చు అనే వాదన నాకు మింగుడుపడదు. పోయిన పేర్లను తిరిగి తేలేం. ఉన్న పేరునైనా ఉంచుకోవచ్చు కదా. పైగా జనం సొత్తు అన్న మాట జనం నోట వచ్చినప్పుడు ఒక అర్థం, టిక్కెట్టు అమ్మేవారి నోట వచ్చినప్పుడు ఇంకో అర్థం.

ఇందాక చెప్పిన రిథమ్ అండ్ బ్లూస్‌వాళ్ళ విషయంలో అమెరికాలో కొంత దిద్దుబాటు జరిగింది. 1988లో అక్కడ రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ అని ఒక సంస్థ ఏర్పడింది. పాత కళాకారులకు న్యాయంగా రావాల్సిన రాయల్టీల కోసం రూత్ బ్రౌన్ అనే గాయని ఏళ్ళ తరబడి చేసిన పోరాటం వల్ల అది వచ్చింది. ఆమె 1950ల్లో అట్లాంటిక్ కంపెనీకి వరసగా విజయాలు తెచ్చిన గాయని. ఆ తర్వాత ఇళ్ళల్లో పనిమనిషిగా, స్కూలు బస్సు డ్రైవరుగా బతికింది. అయినా లెక్కలు అడగడం మానలేదు. మన దగ్గర జముకులవాళ్ళ కోసం, తప్పెటగుళ్ళ గురువుల కోసం, పాట కట్టి పేరు పోగొట్టుకున్నవాళ్ళ కోసం అలా పట్టుబట్టి లెక్క అడిగే సంస్థ ఒకటి ఉండాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, రేడియో కేంద్రం ఉంది, ఇంత పెద్ద కార్మిక సంఘాలున్నాయి. ఈ ఊరినుంచి అది మొదలుకావడం అసాధ్యమేమీ కాదు. ముందు చేయాల్సిన పని చిన్నదే. ఏ పాట ఎవరు కట్టారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఇంకా బతికున్న పెద్దల్ని అడిగి గొంతుతో సహా రికార్డు చేసి పెట్టడం.

వంగపండు ప్రసాదరావు గారు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. కరోనా రోజులు. వేలమంది కదలాల్సిన అంతిమయాత్రకు చాలామందికి వచ్చే వీలు లేకపోయింది. మూడేళ్ళ తర్వాత అదే ఆగస్టులో గద్దర్ కూడా వెళ్ళిపోయారు. వంగపండు గారి కుమార్తె ఉష గారు తండ్రి పాటల్ని వేదికల మీద పాడుతున్నారు. ఆమె పాడేటప్పుడు వెనకనుంచి అందుకునేవాళ్ళలో షిప్‌యార్డు పిల్లలున్నారు, ఉక్కునగరం పిల్లలున్నారు, పార్వతీపురం నుంచి చదువుకు వచ్చి విశాఖ ఎంవీపీ కాలనీ హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలున్నారు. ఈసారి మీరు విన్నప్పుడు పక్కనున్నవాళ్ళకు చెప్పండి, ఈ పాట హిందూస్థాన్ షిప్‌యార్డు ఫిట్టరు వంగపండుదని.